కణితికి మడవ కట్టే మాత్ర

బుచ్చిరెడ్డిపాళెంలో మా చిన్నాయనకు లివర్ క్యాన్సర్ అని తేలాక డాక్టరు రోజుకు నాలుగు మాత్రలు రాశారు. పొద్దున రెండు, రాత్రి రెండు. పేరు సొరాఫెనిబ్. "ఇది గడ్డను చంపేస్తుందా అబ్బయ్యా?" అని అడిగాడు. ముఖ్యంగా దానికి నీళ్లు పోనీకుండా చేస్తుంది చిన్నాయనా అన్నాను. కనిగిరి రిజర్వాయరు కింద వరి పండించిన మనిషి, ఇంక విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

గడ్డకు రక్తం అందకుండా చేయాలనే ఈ ఆలోచన జూడా ఫోక్‌మన్ అనే అమెరికన్ సర్జన్‌ది. 1960ల మొదట్లో ఆయన నేవీ ల్యాబ్‌లో జంతువుల థైరాయిడ్ గ్రంథులను బయటికి తీసి, వాటిలోకి ద్రవం పారిస్తూ బతికించి, అందులో క్యాన్సర్ కణాలు వేశారు. గడ్డలు ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరిగి ఆగిపోయాయి. వాటినే తీసి ఎలుకలో పెడితే ఆగకుండా పెరిగాయి. ఎలుక ఒంట్లో గడ్డలోకి కొత్త రక్తనాళాలు వచ్చాయి, బయట బతికించిన గ్రంథిలో రాలేదు. అంతే తేడా. గడ్డే ఏదో సంకేతం పంపి పక్క కాలవ నుంచి పిల్ల కాలవలు తవ్వించుకుంటోందని, దాన్ని ఆపితే గడ్డ గుండుసూది తలంత దగ్గరే ఉండిపోతుందని 1971లో రాశారు. చాలామంది నమ్మలేదు. గడ్డ చుట్టూ కనబడే ఎరుపు ఉత్త వాపు అనుకునేవాళ్లు. ఏళ్ల తరబడి ఆ మాటలు పడుతూనే ఆయన పని మానలేదు. నాకు ఆయన మీద గౌరవం అక్కడే.

1989లో నెపోలియోన్ ఫెరారా బృందం ఆ సంకేతాల్లో ముఖ్యమైన వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను వేరుచేసింది. దాన్ని బయటే పట్టేసే బెవాసిజుమాబ్ ఇంజెక్షన్‌కు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. ల్యాబ్‌లో రసాయనాలతో తయారుచేసే చిన్న అణువుల దారి వేరు. అవి రక్తనాళపు కణం లోపలికే వెళ్లి, సంకేతాన్ని అందుకునే తూము లోపలి భాగాన్ని మూసేస్తాయి. చిన్నవి కాబట్టి మాత్రగా మింగొచ్చు. సొరాఫెనిబ్‌ను మొదట వెతికింది వేరే ప్రొటీన్ కోసం, నాళాలను ఆపే గుణం తర్వాత బయటపడింది. 2005లో కిడ్నీ క్యాన్సర్‌కు, 2007లో లివర్‌కు అనుమతించారు.

అసలు గొడవ ధర దగ్గర. మొదట్లో పేటెంటు ఉన్న బేయర్ కంపెనీ మందు నెలకు సుమారు 2.80 లక్షల రూపాయలు ఉండేది. మా ఊళ్లో ఆ డబ్బుకు పొలం అమ్ముకోవాల్సిందే. 2012 మార్చిలో మన పేటెంట్ల కంట్రోలర్ హైదరాబాద్ కంపెనీ నాట్కోకు తప్పనిసరి లైసెన్సు ఇచ్చారు, అంటే పేటెంటు ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా అదే మందు తయారుచేసుకునే అనుమతి. దేశంలో అదే మొదటిది. 120 మాత్రలు 8,880 రూపాయలకు అమ్మాలి, బేయర్‌కు అమ్మకాల మీద 6 శాతం రాయల్టీ కట్టాలి అని అప్పుడు షరతు పెట్టారు. రాయల్టీ తర్వాత 7 శాతం అయింది. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2014లో ఫలితం దక్కలేదు. ఫోక్‌మన్ ప్రయోగం ఎంతో, నా లెక్కలో ఆ ఉత్తర్వూ అంతే.

మాత్ర మహిమలేమీ చేయదు. 2008లో అచ్చయిన పెద్ద పరీక్షలో లివర్ రోగుల మధ్యస్థ ఆయుష్షు 7.9 నెలల నుంచి 10.7 నెలలకు పెరిగింది. ఒకచోట మడవ కడితే ఇంకోచోట గట్టు తెగినట్టు, కొన్నాళ్లకు గడ్డ వేరే దారి చూసుకుంటుంది. బీపీ పెరుగుతుంది. పుండ్లు మానడానికీ కొత్త నాళాలే కావాలి కాబట్టి అవీ ఆలస్యమవుతాయి.

మూడో వారంలో చిన్నాయన అరికాళ్లు ఎర్రబడి బొబ్బలు లేచాయి. జీవితమంతా గట్ల మీద వట్టి కాళ్లతో నడిచిన మనిషి ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకున్నాడు. డాక్టరు మాత్రలు రెండుకు తగ్గించారు, పూయడానికి క్రీమ్ ఇచ్చారు. బొబ్బలు మానాక, మళ్లీ నాలుగు మొదలుపెట్టారు.