షైలాక్ మన పిల్లల క్లాసులోకి ఎట్లా వచ్చాడు

మా పెద్దమ్మాయి ఇక్కడ బెంగళూరులో ఐసీఎస్ఈ టెన్త్ చదివేటప్పుడు షేక్‌స్పియర్ నాటకం మర్చంట్ ఆఫ్ వెనిస్ ఉండేది, అందులో అప్పులిచ్చే వ్యాపారే షైలాక్, ఆ పుస్తకం నాకింకా గుర్తే, ఒక పేజీలో నాటకం, ఎదురు పేజీ నిండా అర్థాలు, ఆ అర్థాలు కూడా అర్థం కాక తను పెన్సిల్‌తో రాసుకున్న తెలుగు ముక్కలు. "నాన్నా, కథ బానే ఉంది, ఎవరు ఎవరితో ఏ సీన్‌లో అన్నారో బట్టీ పట్టడమే నావల్ల కావట్లేదు" అనేది. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగు పిల్లల్ని ఎవర్ని కదిలించినా ఇదే మాట. పాపం వాళ్ళ విసుగంతా ఎక్స్‌ట్రాక్ట్ అని నాటకంలోంచి కొన్ని లైన్లు ఇచ్చి కింద ప్రశ్నలడిగే ఆ పద్ధతి మీదే, నాటకాన్ని ఇట్లా పరీక్ష కోసం చదవడం ఉందే, దానికి చాలా పాత చరిత్ర ఉంది.

1835లో మెకాలే అనే ఇంగ్లీషు అధికారి రాసిన నోటు, మెకాలే మినిట్ అంటారు, అది వచ్చింది, సర్కారు డబ్బు ఇంగ్లీషు చదువుకే పెట్టాలని. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ఇంగ్లీషు చదివినోళ్ళకే సర్కారు ఉద్యోగాల్లో ముందు చోటు అన్నాడు, 1855 నుంచి సివిల్ సర్వీసుకి లండన్‌లో పోటీ పరీక్ష పెట్టారు, అందులో ఇంగ్లీషు సాహిత్యానికీ మార్కులున్నాయి. 1857లో మద్రాసు యూనివర్సిటీ వచ్చింది, 1916లో మైసూరు యూనివర్సిటీ పెట్టేదాకా మన బెంగళూరు సెంట్రల్ కాలేజీ వాళ్ళు కూడా మద్రాసు పరీక్షలే రాసేవాళ్ళు. అంటే షేక్‌స్పియర్ మన దగ్గర చదువుల్లోకి వచ్చిందే ఉద్యోగానికి మెట్టుగా. స్వతంత్రం వచ్చాక కేంబ్రిడ్జి పరీక్షల బదులు మనదే ఒకటి ఉండాలని 1958లో ఐసీఎస్ఈ కౌన్సిల్ పెట్టారు, నాటకం పేపరు మాత్రం పోలేదు.

కానీ మనవాళ్ళు ఇంకో దారి కూడా పట్టారు, అది ఏ స్కూల్లోనూ పిల్లలకి చెప్పరు, నాకు బాధ అక్కడే. 1870ల్లోనే వావిలాల వాసుదేవశాస్త్రి గారు జూలియస్ సీజర్‌ని తెలుగు చేశారు. కందుకూరి వీరేశలింగం గారు కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌ని చమత్కార రత్నావళిగా రాశారు. మనకి పక్కనే ఉన్న బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారైతే మన నాటకం మంగళంగానే ముగియాలన్న పాత కట్టుని దాటి విషాద సారంగధర రాసి ఆడించారు, ఆ విషాదం ఆయనకి ఇంగ్లీషు నాటకాల నుంచి అందిందే. వాళ్ళు చదివినవీ ఆ నాటకాలే, కాకపోతే వాటిని స్టేజీ ఎక్కించారు.

మా అమ్మది అనంతపురం పక్క పల్లె, ఇంగ్లీషు ముక్క రాదు. ఒకరోజు మా పాప, అప్పు తీర్చకపోతే ఒంట్లోంచి పౌను మాంసం కోసుకుంటానన్న షైలాక్ కథ చెప్తుంటే అవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తా "మరి నెత్తురు కారకుండా ఎట్ల కోస్తాడంట వాడు?" అనింది. పాప ఒక్కసారి లేచి "అవ్వా, పోర్షియా కోర్టులో అదే అంటుంది!" అని అరిచింది, పోర్షియా అంటే లాయరు వేషంలో వచ్చి వాదించే అమ్మాయి. ఆ రాత్రి ఇద్దరూ ఆ కోర్టు సీను మొత్తం తెలుగులో ఆడారు, అవ్వే షైలాక్.

ఇప్పుడు చిన్నోడికి జూలియస్ సీజర్ వచ్చింది. నోట్సు తెరిచే ముందు, చంపేసిన సీజర్ శవం దగ్గర అతని స్నేహితుడు ఆంటోనీ జనంతో మాట్లాడే సీను హాల్లో నిలబెట్టి గట్టిగా చదివిస్తున్నా, పక్క ఫ్లాట్ల పిల్లలొచ్చి రోమ్ జనం అయిపోయి అరుస్తారు.