ఊరి బయట రాయి కింద లంకెబిందెలు ఉండవు

ఊళ్లు తిరిగి శాసనాలకు నకళ్లు తీయడం నా పని. రోడ్డు పక్కనో, చెరువు కట్ట మీదో, వేప చెట్టు కిందో సగం భూమిలో దిగబడిన చెక్కుడు రాయి కనిపిస్తే బండి ఆపకుండా ముందుకు పోలేను. అక్కడ నిలబడిన ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు వచ్చి ఆ రాయి కథ చెబుతారు. కొన్ని కథలు శ్రద్ధగా రాసుకోవాల్సినవి. కొన్ని మాత్రం ఆ రాయినే పోగొట్టుకునేలా చేస్తాయి. వాటి గురించే ఇది.

అపోహ: రాయి కింద నిధి ఉంది. పైన చెక్కిన సూర్యుడు, చంద్రుడు దానికి గుర్తులు.

ఎండకీ వానకీ తట్టుకున్న రాళ్లు ఈ మాట వల్ల పగిలిపోతున్నాయి. నాకు బాగా గుర్తున్న ఒక ఊళ్లో, నేను మొదటిసారి ఫొటో తీసిన వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) రెండోసారి వెళ్లేసరికి రెండు ముక్కలై ఉంది. రాత్రిపూట ఎవరో తవ్వారు. పక్కన నడుము లోతు గొయ్యి, అందులో మట్టి తప్ప ఏమీ లేదు. అక్షరాలున్న కింది ముక్క మళ్లీ దొరకలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

సూర్యచంద్రుల బొమ్మలకు అర్థం ‘ఆచంద్రార్కం’. అంటే ఈ దానం గానీ, ఈ వీరుడి పేరు గానీ సూర్యచంద్రులు ఉన్నంతకాలం నిలవాలని. కొన్ని రాళ్ల మీద గాడిద బొమ్మ ఉంటుంది. అది నిధికి కాపలా కాదు, దానాన్ని చెడగొట్టేవాడికి పెట్టిన శాపం. గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపం తగులుతుందని చాలా శాసనాల చివర రాసి ఉంటుంది, అదీ ఇలాంటిదే. రాయిని నలుగురికీ కనబడాలనే పాతారు. బంగారం దాచుకునేవాడు దాని మీద గుర్తు పెట్టి ఊరందరికీ చూపిస్తాడా?

దాచిపెట్టింది ఏదైనా ఉంటే అది రాతి ముఖం మీదే ఉంది. నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఒకటుంది. పువ్వుల ముమ్మడి అనే బంటు, రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కలగాలని భూమి దానం చేసి దాన్ని వేయించాడు. రుద్రమ ఎప్పుడు చనిపోయిందో మనకు తెలిసింది ఈ రాయి వల్లే. ఎవరైనా గునపంతో దాన్ని పగలగొట్టి ఉంటే మన పాఠ్యపుస్తకాల్లో ఆ చోట ఖాళీ ఉండేది.

అపోహ: కత్తి పట్టిన బొమ్మలన్నీ ఆంజనేయస్వామివే.

చాలావరకు వీరగల్లులు. వాటిని కింది నుంచి పైకి చదవాలి. కింద పోరాటం, మధ్యలో వీరుడిని స్వర్గానికి తీసుకుపోతున్న అప్సరసలు, పైన కైలాసంలో శివలింగం ముందు అతను. కింది వరసలో ఆవులు కనిపిస్తే పశువుల మంద కోసం జరిగిన పోరు అన్నమాట. పులితో పోరాడి చనిపోయినవాళ్లకూ రాళ్లు వేశారు. తన తల తానే కోసుకుంటున్న బొమ్మ ఉంటే అది యుద్ధం కాదు, ఆత్మార్పణ. శ్రీశైలంలో 1378లో కొండవీటి రెడ్డిరాజు అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపం అలాంటి వీరులదే. గాజులతో పైకి లేపిన ఒక్క చెయ్యి మాత్రమే ఉంటే అది సతి రాయి, భర్తతో సహగమనం చేసిన ఆడమనిషి గుర్తు. చనిపోయినవాళ్లకు రాయి నిలిపే అలవాటు మన దగ్గర చాలా పాతది, నాగార్జునకొండలో చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిపిన ఛాయాస్తంభాలు ఇక్ష్వాకుల కాలానివి, అంటే మూడు, నాలుగు శతాబ్దాలవి.

పూజలు మానమని నేను ఏ ఊళ్లోనూ చెప్పను. పక్కనున్న రాళ్లు మోరీల మీద పలకలైపోతే, బొట్టు పెట్టిన రాయి మిగిలింది. ఒక్కటే బతిమాలుకుంటాను: ఎనామిల్ పెయింట్ వద్దు, సిందూరం అక్షరాల మీద మెత్తొద్దు. దీపం రాతి ముందు పెట్టండి, చాలు.

అపోహ: రాతి మీద రాసింది దేవభాష, ఎవరికీ అర్థం కాదు.

ఎక్కువ సార్లు అది తెలుగే. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళుడు ఎరికల్ముత్తురాజు ధనంజయుడి శాసనం ఆరో శతాబ్దం నాటి తెలుగు. లిపి మారింది కాబట్టి కొత్తగా కనిపిస్తుంది, అభ్యాసం చేస్తే చదవడం వస్తుంది. అయితే అక్షరాల్లో సుద్దముక్క రుద్దడం, మేకుతో గీకడం ఎప్పుడూ చేయకూడదు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఏటవాలు ఎండలో చూడండి. లేదా రాత్రి టార్చి పక్కనుంచి వేయండి. మధ్యాహ్నం కనబడని అక్షరం అప్పుడు లేచి కనబడుతుంది. మేం నకలు తీసేటప్పుడు తడిపిన కాగితం రాతికి అంటించి, బ్రష్‌తో కొట్టి, పైన సిరా అద్దుతాం. గుంటల్లోకి దిగిన కాగితానికి సిరా అంటదు, అక్షరాలు తెల్లగా వస్తాయి. రాతికి చుక్క మరక కాదు.

అపోహ: ప్రభుత్వ బోర్డు లేదంటే విలువ లేదు.

దేశం మొత్తం మీద కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాలు సుమారు మూడు వేల ఏడు వందలు. తెలంగాణలో అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రోడ్డు పక్క రాళ్లలో ఎక్కువ వాటికి బోర్డు లేదు, అంతమాత్రాన విలువ లేనట్టు కాదు.

అపోహ: పీకి మ్యూజియంలో పెడితే సేఫ్.

రోడ్డు వెడల్పు చేస్తున్నప్పుడు వేరే దారి లేకపోతే సరే. కానీ వీరగల్లు నిలబడిన చోటు కూడా చరిత్రే: పొలిమేర ఎక్కడుండేదో, మంద ఏ దారిన పోయిందో అదే చెబుతుంది. కాకతి గణపతిదేవుడి సోదరి మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనాన్ని ఆ చెరువు నుంచి విడదీస్తే సగం అర్థం పోతుంది.

అందుకే జేసీబీ రాకముందే నాలుగు వైపులా ఫొటోలు తీయండి, పక్కన స్కేలు పెట్టి. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేయండి. తహసీల్దారుకూ, పురావస్తు శాఖకూ రాతపూర్వకంగా చెప్పండి. రాయి ఏ దిక్కుకు చూస్తోందో, పక్కన చెరువుందో బావి ఉందో, ఊరివాళ్లు దాన్ని ఏ పేరుతో పిలుస్తారో కూడా రాసుకోండి. ఒకసారి రాయిని కదిపాక ఈ వివరాలు ఎవరూ తిరిగి తెచ్చివ్వలేరు.