తుపాకీ గొట్టంలో నీళ్ళు పోయొచ్చా? అపోహలు – వాస్తవాలు

ఒడిశా బరంపురంలో లైసెన్స్ తుపాకుల రిపేరు పని నాది. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచి వచ్చేవాటిలో ఎక్కువగా .315 బోల్ట్ యాక్షన్ రైఫిళ్ళు, 12 బోరు డబుల్ బ్యారెళ్ళు ఉంటాయి. బ్యారెల్ పాడైందని తెచ్చిన రైఫిల్‌లోకి టార్చి వేసి చూస్తే, ఎక్కువ కాల్చి అరగదీసిన గుర్తులు అరుదు. కనిపించేవన్నీ తుప్పు తిన్న గుంటలే. ఓనర్‌ని అడిగితే ఒకటే మాట: "కాల్చిన ప్రతిసారీ బాగా నూనె పెట్టానండీ!" పెట్టాడు, నిజమే. చిక్కంతా అక్కడే వచ్చింది.

అపోహ: ఇనుములో నీళ్ళు పోస్తే తుప్పు పడుతుంది. తుపాకీకి నూనె ఒక్కటే మందు.

పాత రకం తూటాల ప్రైమర్‌లో, అంటే తూటా అడుగున ఉండి నిప్పు రాజేసే చిన్న గుళికలో, పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పిన్ను తగలగానే అది మండి, తనలోని ఆక్సిజన్ వదిలేసి పొటాషియం క్లోరైడ్‌గా మిగులుతుంది. పేరు పెద్దదే కానీ అది ఉప్పే, మన వంటింటి ఉప్పుకి స్వయానా తోబుట్టువు. పేలిన గ్యాసుతో పాటు గొట్టం పొడుగునా, లోపల మెలితిరిగి ఉండే గాడుల మూలల్లో, తూటా వెనక మూసే బోల్ట్ ముఖం మీద సన్నటి పొరలా అంటుకుంటుంది. కంటికి కనపడదు.

ఆ పొర తనంతట తాను ఇనుముని తినదు, దానికి తేమ కావాలి. గాలిలో తేమ 84 – 85 శాతం దాటిందంటే పొటాషియం క్లోరైడ్ గాలిలోంచే నీళ్ళు లాక్కుని కరిగి ఉప్పునీరైపోతుంది. అంతకన్నా తక్కువ తేమలోనూ దాని కింద తుప్పు మెల్లగా మొదలవుతుంది. వంటింటి ఉప్పు దీనికన్నా ముందే, 75 శాతం దగ్గరే చెమ్మగిల్లుతుంది. హుమ్మ ఉప్పు మడుల వైపు ఉండేవాళ్ళకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆగస్టులో గోపాల్‌పూర్ సముద్రపు గాలికి ఇది ఏ పాటి పని?

ఇక నూనె సంగతి. ఒక గరిటె నూనెలో చిటికెడు ఉప్పు వేసి ఎంతసేపు తిప్పినా కరగదు. గొట్టంలోనూ అంతే. నూనె ఉప్పుని తీయదు, దాని మీద దుప్పటి కప్పుతుంది. ఆ దుప్పటి కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. కిరసనాయిలుదీ ఇదే కథ. మసి, జిడ్డు బాగానే వదులుతాయి, ఉప్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఉప్పుని కరిగించేది నీళ్ళే. తుప్పు పట్టించేది గొట్టంలోంచి పోయి ఆరిపోయిన నీళ్ళు కాదు, లోపలే మిగిలిన చెమ్మ.

తెల్లవాళ్ళ కాలంలో .303 రైఫిల్ పట్టిన సిపాయిలు గరాటు పెట్టి గొట్టంలోకి మరుగునీళ్ళు పోసేవారు. కారణం మాత్రం చాలామందికి తెలియదు. తుపాకీ మందు కాలాక మిగిలే ఆమ్లమే తుప్పుకి కారణమని అనుకునేవారు. దోషి ప్రైమర్‌లోని ఉప్పేనని అమెరికా గనుల శాఖలో పనిచేసిన విల్బర్ట్ హఫ్ 1920ల మొదట్లో తేల్చాడు. వందేళ్ళు గడిచాయి, మన దగ్గర ఇంకా నూనె సీసాయే చేతికొస్తుంది.

అపోహ: నీళ్ళు సలసల మరిగితేనే ఉప్పు పోతుంది.

చన్నీళ్ళకీ పోతుంది. 20 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్ల నీళ్ళలో దాదాపు 34 గ్రాముల పొటాషియం క్లోరైడ్ కరుగుతుంది. మన గొట్టంలో ఉండే ఉప్పు అందులో లెక్కలోకే రాదు. వేడినీళ్ళ లాభం వేరే ఉంది. బ్యారెల్ వేడెక్కి తడి తొందరగా ఆరిపోతుంది. వేడినీళ్ళు దొరక్కపోతే సాయంత్రం దాకా ఆగొద్దు, ఉన్న చన్నీళ్ళే పోసి గట్టిగా తుడవండి.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో చాలా బోర్ల నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఉప్పు కడగడానికి ఉప్పునీళ్ళేంటండీ? తాగే నీళ్ళు వాడండి.

పద్ధతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే నీళ్ళు పోశానంటూ తెచ్చినవాళ్ళలో సగం మంది తప్పు వైపు నుంచి పోస్తారు. ముందు మ్యాగజైన్ తీయాలి. బోల్ట్ వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్‌లో ఏమీ లేదని కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, అప్పుడు బోల్ట్ బయటికి తీయాలి. మూతి కిందికి వచ్చేలా రైఫిల్‌ని బకెట్‌లో నిలబెట్టి, ఛాంబర్ వైపు నుంచి సన్న ట్యూబు తగిలించిన గరాటుతో లీటరో రెండు లీటర్లో నీళ్ళు వదలాలి. మూతి వైపు నుంచి పోస్తే మురికంతా ఛాంబర్ లోకీ ట్రిగ్గర్ లోకీ దిగుతుంది. చెక్కలోకి నీళ్ళు పోతే అది ఉబ్బి బ్యారెల్‌ని నొక్కుతుంది, గురి మారుతుంది. బోల్ట్ ముఖం, పిన్ను వచ్చే రంధ్రం, ఖాళీ కేసుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు కింద పాత టూత్‌బ్రష్‌తో, నీళ్ళతో రుద్దండి. ఈ గోరు కింది చోటుని దాదాపు అందరూ మర్చిపోతారు. తర్వాత పొడి ఫ్లానెల్ చిందీలు (గుడ్డముక్కలు) ఒకదాని వెంట ఒకటి, తడి తగలకుండా వచ్చేదాకా లాగాలి. ఆఖరున పల్చగా నూనె. నూనె వంతు ఇప్పుడు, ముందు కాదు.

అపోహ: అద్దాలు తుడిచే నీలం లిక్విడ్‌లోని అమ్మోనియా ఆ విషాన్ని విరిచేస్తుంది.

విరవడానికి అక్కడ ఆమ్లం లేదు. పొటాషియం క్లోరైడ్ ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు. ఆ సీసాలో ముప్పాతిక మించి ఉండేది నీళ్ళే, పనిచేసేదీ ఆ నీళ్ళే. అమ్మోనియాకి పని లేదని అనను, గొట్టంలో అంటిన రాగిని అది వదిలిస్తుంది. అయితే అది వేరే పని.

ఆ రాగికీ మన ఉప్పుకీ సంబంధం ఉంది. తూటా తొడుగు నుంచి ఊడిన రాగి, మసి పొరల కింద ఉప్పు ఇరుక్కుంటుంది. ఇవాళ కడిగితే మొదటి చిందీ నల్లగా, తర్వాతవి బూడిద రంగులో, చివరికి తెల్లగా వస్తాయి. అయిపోయింది అనుకుంటాం. మర్నాడు తెల్ల చిందీ లాగితే దాని మీద గాడుల వరసలోనే సన్నటి గోధుమరంగు గీతలు! అందుకే పాత అమెరికా సైనిక మాన్యువళ్ళలో కాల్చిన రోజుతో ఆపకుండా వరసగా మూడు రోజులు శుభ్రం చేయమని రాశారు. రాగి వదిలే మందు వాడితే, దాని తర్వాత ఇంకోసారి నీళ్ళు పోయండి. కింద దాక్కున్న ఉప్పు అప్పుడే బయటపడుతుంది.

అపోహ: క్లోరేట్ లేని కొత్త తూటాలతో రెండు మూడు రౌండ్లు కాలిస్తే పాత ఉప్పు కొట్టుకుపోతుంది.

పోదు. తూటాల ఖర్చు తప్ప ఏమీ లేదు.

అపోహ: ఒక్క రౌండే కదా కాల్చింది, దానికేం కడుగుతాం?

ఒక్క ప్రైమర్‌లో ఉన్న ఉప్పు చాలు. ఈ ఒక్క రౌండు పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి కాల్చిందయితే తుప్పుకన్నా పెద్ద టెన్షనే ఉంది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అది రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడే నేరం.

అపోహ: కాల్చాక మిగిలే ఖాళీ కేసు (ఇత్తడి గుల్ల) అడుగున లోపల రెండు రంధ్రాలుంటే పాత రకం, ఒకటుంటే మంచి రకం.

రెండు రంధ్రాలది బెర్డాన్ పద్ధతి, నడిమధ్య ఒక్కటే ఉంటే బాక్సర్. అవి ప్రైమర్ కూర్చునే తీరుని చెబుతాయి, అందులోని మందుని కాదు. పాత సైనిక సరుకులో బెర్డాన్ ఎక్కువ, క్లోరేట్ కూడా ఎక్కువ, అందుకే రెండూ ఒకటే అనుకున్నారు. బాక్సర్ కేసుల్లో క్లోరేట్ ఉన్నవీ ఉన్నాయి, బెర్డాన్ కేసుల్లో లేనివీ ఉన్నాయి.

ఇత్తడి మెరుపు చూసి, డబ్బా కొత్తదనం చూసి తేల్చడం కూడా అంతే. కాల్చిన కేసు లోపలి మసిని తడి గుడ్డతో తీసి, నూనె లేని పాలిష్ ఇనుప రేకు మీద రాసి, చెమ్మగా ఉండే చోట ఒక రాత్రి ఉంచి చూడొచ్చు. మర్నాటికి తుప్పు మచ్చ వస్తే అనుమానం గట్టిదే. రాకపోతే మాత్రం భరోసా లేదు. నా సలహా ఒకటే: సందేహం ఉందంటే క్లోరేట్ తూటాయే అనుకుని కడిగేయండి. నీళ్ళకి ఖర్చేముంది?

ఇంకో మాట. పాదరసం ఉన్న పాత ప్రైమర్లు కూడా గొట్టాన్ని తింటాయని కొందరంటారు. పాదరసం పెళుసు చేసేది ఇత్తడి కేసుని. ఆ కేసుని మళ్ళీ నింపి వాడకూడదు, అంతవరకే.

అపోహ: క్రోమ్ పూత ఉన్న గొట్టానికి ఏమీ కాదు.

పూత గొట్టంలోనే ఉంటుంది. గ్యాసుతో నడిచే రైఫిల్‌లో పిస్టన్, గ్యాస్ రంధ్రం, బోల్ట్ అన్నింటికీ అదే ఉప్పు పడుతుంది.

అపోహ: కొబ్బరినూనె మంచిదే. చింతపండుతో తోమితే ఇంకా మంచిది.

కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. కోరాపుట్ కొండల మీద చలికాలం తెల్లవారుజామున బోల్ట్‌లోని పిన్ను ఆ గడ్డలో ఇరుక్కుని మెల్లగా కదులుతుంది, తూటా పేలదు. చింతపండు పులుపు ఇత్తడి బిందెలకి సరే, ఉక్కుని కొరుకుతుంది. ఇటుక పొడితో రుద్ది గాడులు చెరిపేసిన రైఫిళ్ళు కూడా చూశాను. వాటి గురించి మాట్లాడటం దండగ. దసరాకి ఆయుధపూజ చేసి పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్ళు అలాగే వదిలేసేవాళ్ళకి చిన్న మనవి: పూజ అయ్యాక తుడిచేయండి, అమ్మవారు ఏమీ అనుకోదు.

కొండ ఊళ్ళలో లైసెన్స్ ఉన్న నాటు తుపాకుల వాళ్ళు ఇదంతా తమది కాదనుకోవద్దు. నాటు తుపాకీలో వేసే నల్ల తుపాకీ మందు (బ్లాక్ పౌడర్) కాలితే మిగిలేది పొటాషియం కార్బొనేట్, సల్ఫేట్ లాంటి లవణాలు, వాటిలో కార్బొనేట్ మరీ చెమ్మ పీల్చే రకం. దానికీ నీళ్ళే. నిజానికి నాటు తుపాకీ పట్టిన పెద్దవాళ్ళు నీళ్ళకి భయపడరు. భయమంతా రైఫిల్ వాళ్ళకే.

అపోహ: దాచేముందు నిండా నూనె పట్టించి కవర్‌లో పెడితే ఏళ్ళు గడిచినా అలాగే ఉంటుంది.

2024లో మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చి జూన్ 6 దాకా ఉంది. స్టేషన్లో డిపాజిట్ చేసిన తుపాకుల్లో, అంతకుముందు కాల్చి కడగకుండా ఇచ్చినవి ఎలా తిరిగొచ్చాయో ఊహించుకోండి. నోటీసు రాగానే పరుగెత్తకుండా ఒక గంట కేటాయించి కడిగి, ఆరబెట్టి, పల్చగా నూనె రాసి ఇవ్వండి. తిరిగి తెచ్చుకున్న రోజే ఇంకోసారి చిందీ లాగి చూసుకోండి.

ఇంట్లో తోలు కవర్‌లో, రెగ్జిన్ కవర్‌లో ఉంచొద్దు, రెండూ చెమ్మని పట్టి ఉంచుతాయి. తాళం వేసిన బీరువాలో, గోడకి తగలకుండా, మూతి కాస్త కిందికి ఉండేలా పెట్టండి. అప్పుడు మిగులు నూనె ట్రిగ్గర్ లోకి, చెక్కలోకి దిగదు. మళ్ళీ కాల్చేముందు ఆ నూనెని గొట్టంలోంచి, ముఖ్యంగా ఛాంబర్‌లోంచి పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. ఛాంబర్ జారుడుగా ఉంటే కేసు గోడని పట్టుకోదు, దెబ్బంతా బోల్ట్ మీద పడుతుంది.