ఒంగోలు బాప్టిస్టు సంఘం పుట్టుక: అపోహలు - వాస్తవాలు

సంఘాల జూబిలీ సంచికలకు చరిత్ర భాగం కూర్చి ఇవ్వడం చాలా ఏళ్లుగా నేను చేస్తున్న పని. ప్రకాశం, గుంటూరు, నెల్లూరు జిల్లాల్లో ఏ పల్లెలోని బాప్టిస్టు సంఘం కథ ఎత్తుకున్నా, మూడు నాలుగు తరాలు వెనక్కి వెళ్లేసరికి అది ఒంగోలు సభ్యత్వపు పుస్తకం దగ్గర తేలుతుంది. కాబట్టి ఒంగోలు కథలో ఒక తప్పు చొరబడితే అది వందల సంచికల్లోకి పాకుతుంది. అలా పాకిన వాటిలో నాకు పదే పదే ఎదురయ్యే కొన్నింటిని ఇక్కడ విడదీసి చెబుతాను.

అపోహ: ఒంగోలు సంఘం 1854 జనవరి 1న కొండ మీద పుట్టింది.

ఆ ఉదయం కొండ మీద జరిగింది ప్రార్థన. సంఘ స్థాపన జరిగింది సరిగ్గా పదమూడేళ్ల తరువాత, 1867 జనవరి 1న, ఎనిమిది మంది సభ్యులతో. రెండూ జనవరి ఒకటో తేదీనే కావడం వల్ల ఈ రెండు సంఘటనలు జనం జ్ఞాపకంలో ఒకటిగా కలిసిపోయాయి. దీనికి తోడు 1844లో నెల్లూరులో ఏర్పడిన సంఘం కూడా ఎనిమిది మందితోనే మొదలైంది కనుక, నెల్లూరు ఎనిమిది మందిని ఒంగోలుకు, ఒంగోలు ఎనిమిది మందిని నెల్లూరుకు అంటగట్టిన రాతలు కూడా నేను చూశాను.

బాప్టిస్టుల దృష్టిలో మిషనరీ మకాం పెట్టిన మిషన్ స్టేషను వేరు, సంఘం వేరు. దొరగారు బంగళా కొన్నంత మాత్రాన, బడి పెట్టినంత మాత్రాన సంఘం ఏర్పడదు. తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకొని, నీటిలో మునిగి బాప్తిస్మం పొందినవారు కొందరు ఒక్కటిగా కూడి, ఒకరికొకరు కట్టుబడి ఉంటామని నిబంధన చేసుకున్నప్పుడే అది సంఘమవుతుంది. అందుకే మన చరిత్రలో తొలి మిషనరీ వచ్చిన ఏడు, తొలి బాప్తిస్మం జరిగిన ఏడు, సంఘం ఏర్పడిన ఏడు అనే మూడు తేదీలను మూడుగానే రాసుకోవాలి. అమెరికన్ బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే దంపతులు 1836లో విశాఖపట్నం చేరారు. శ్రీకాకుళం, మద్రాసు తిరిగి 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. అదే ఏడాది సెప్టెంబరులో పెన్నా నదిలో ఓబులు అనే తెలుగువాడికి బాప్తిస్మం ఇచ్చారు. ఇన్ని జరిగినా సంఘం ఏర్పడింది 1844లోనే.

అపోహ: కొండ మీద ప్రార్థించినవారు జూయెట్ దొర, దొరసాని మాత్రమే.

అక్కడ ఉన్నది ఐదుగురు: నెల్లూరు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. చివరి ముగ్గురూ తెలుగువారు, వారిలో ఇద్దరు స్త్రీలు. చాలా సంచికల్లో ఆ ముగ్గురూ 'మరికొందరు' అనే ఒక్క మాటలో మాయమవుతారు. ఒక సంచిక అచ్చు ప్రతిలో క్రిస్టియన్ నర్సు కాస్తా 'ఒక క్రైస్తవ నర్సు'గా మారి, ఆసుపత్రి ఉద్యోగినిగా దర్శనమిచ్చాడు. అది ఒక పురుషుడి పేరు అని కూర్పరికి తెలియదు, అచ్చు దిద్దినవారికి తెలియదు. నేను పట్టుకోకపోతే ఈపాటికి ఆ నర్సుకు ఒక జీవిత చరిత్ర కూడా తయారై ఉండేది.

నెల్లూరు నుండి పర్యటన మీద వచ్చిన ఈ ఐదుగురూ తెల్లవారకముందే కొండ ఎక్కి, ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని ప్రార్థించారని, దిగువన కనిపించిన ఒక మెరక స్థలాన్ని చూపి అక్కడ మిషన్ బంగళా ఉంటే బాగుంటుందని జూయెట్ అన్నారని కథ నిలిచింది. ఆ కొండను ఈనాటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు.

అపోహ: 'ఒంటరి తార' అనే పేరు ఒంగోలుది.

ఆ పేరు నెల్లూరుది. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన, ఈ మిషనరీలను పంపిన బాప్టిస్టు సంస్థ మిషనరీ యూనియన్ సభలో, బర్మా అంతటా చుక్కలు ఉండి తెలుగు దేశంలో ఒక్క నెల్లూరు చుక్క మాత్రమే ఉన్న పటాన్ని ఎదుట పెట్టుకొని, ఫలితం కనబడని ఈ మిషన్‌ను మూసివేయాలా అని చర్చించారు. ఆ మాటల్లో దొర్లిన 'ఒంటరి తార' అనే పదాన్ని పట్టుకొని కవి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ రాత్రికి రాత్రి ఒక కవిత రాశారు. మిషన్ మూతపడలేదు. అయితే ఆ కవితతో గండం గడిచిపోయిందనుకోవడం కూడా సరికాదు, ఎందుకంటే 1862లో మళ్లీ అదే ప్రశ్న లేచింది. అప్పుడు ఆరోగ్యం బాగాలేక స్వదేశంలో ఉన్న జూయెట్, ఎవరు వచ్చినా రాకపోయినా తాను మాత్రం తెలుగువారి దగ్గరికే తిరిగి వెళ్లి అక్కడే చస్తానని పట్టుబట్టారు. అలాగైతే మిమ్మల్ని పాతిపెట్టడానికైనా మీ వెంట ఒకరిని పంపాలి కదా అని యూనియన్ కార్యదర్శి అన్నారట. ఆ 'ఒకరు' జాన్ ఎవరెట్ క్లౌ. 1865లో నెల్లూరు చేరి, 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురం పెట్టారు.

అపోహ: మాదిగలు వేలల్లో సంఘంలో చేరిన ఉద్యమాన్ని మొదలుపెట్టింది క్లౌ దొర.

నా దృష్టిలో అన్నింటికన్నా పెద్ద పొరపాటు ఇదే. క్లౌ ఒంగోలులో స్థిరపడక ముందే, 1866 మార్చిలో, యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. వారికి బాప్తిస్మం ఇచ్చినది జూయెట్. పేరయ్య ఒంగోలుకు సుమారు 40 మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాన గోదావరి ప్రాంతానికి వెళ్లినప్పుడు, అక్కడి మిషనరీల నోట సువార్త విన్నాడు. అంతకు ముందు యోగమార్గం బోధించే గురువుల వద్ద శుశ్రూష చేసి, తానే నలుగురికి బోధించే స్థాయికి ఎదిగినవాడు. ఈ విషయాన్ని చాలామంది దాటవేస్తారు గాని, నిజానికి తాళం చెవి ఇక్కడే ఉంది. బంధుత్వాల వెంట, పాత శిష్యుల వెంట, తోళ్ల బేరం కోసం తిరిగిన బాటల వెంట పేరయ్య మాట ఊరూరికీ నడిచింది. దొరగారి గుర్రం ఆ ఊళ్లకు చేరేనాటికి అక్కడ వినడానికి సిద్ధంగా ఉన్నవారు కనిపించడానికి కారణం అదే.

1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడుకు వెళ్లినప్పుడు చుట్టుపక్కల పల్లెల నుండి స్త్రీ పురుషులు తిండి మూటలతో, బాప్తిస్మం తరువాత కట్టుకోవడానికి మారుబట్టలతో సహా వచ్చి తోపులో కాచుకొని ఉన్నారు. కొన్ని రోజులు బోధించి, ఒక్కొక్కరినీ ప్రశ్నించి, జనవరి 20న, ఆదివారం నాడు 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఎనిమిది మందితో సంఘం ఏర్పడి అప్పటికి మూడు వారాలు కూడా నిండలేదు. ఆ 28 మందిని సిద్ధం చేసినది ఎవరో వేరే చెప్పనవసరం లేదు.

అపోహ: క్లౌ మొదటి నుండీ మాదిగల కోసమే వచ్చారు.

అలా అనుకోవడం మనకు ఇష్టంగా ఉండవచ్చు. కాని ఒంగోలులో ఆయన తొలి ఆశ అగ్రవర్ణాల పిల్లలు చదువుకుంటున్న బడి మీద ఉండేది. మాదిగలను చేర్చుకుంటే తాము బడికి దూరమవుతామని పట్టణ పెద్దలు చెప్పినప్పుడు ఆయన నిజంగానే తటపటాయించారు. ఆ రాత్రి ఆయన ఒక గదిలో, భార్య హ్యారియెట్ మరో గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ 1 కొరింథీయులకు మొదటి అధ్యాయంలోని ఒకే భాగం, లోకంలో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకొన్నాడనే వచనాలు, ఎదురుపడ్డాయని ఆయనే చెప్పుకున్నారు. దాన్ని దైవ సంకల్పమన్నా, ఇద్దరి మనసుల్లోనూ అప్పటికే నలుగుతున్న ప్రశ్నకు దొరికిన జవాబన్నా, ఫలితం మాత్రం ఒకటే: మాదిగలను చేర్చుకున్నారు, పై కులాల పిల్లలు వెళ్లిపోయారు, బడి మూతపడింది.

చేరినవారికి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. వినడానికి ఇవి మతపరమైన నియమాలు. కాని పల్లెలో వీటి అర్థం వేరు. జాతరలో డప్పు కొట్టనని, ఆదివారం పిలిచినా వెట్టికి రానని మాదిగవాడు అనడం ఆనాటి ఊరి కట్టుబాటును కదిపే మాట. అందుకే తొలి ఏళ్లలో పల్లెలలో ఎదురైన హింసకు ఎక్కువగా కారణం సిద్ధాంతం కాదు, ఆగిపోయిన డప్పు, ఆగిపోయిన వెట్టి.

అపోహ: ధాత కరువులో గంజి కోసమే వేలమంది చేరారు.

ఈ మాటను సంఘం వెలుపలివారు నిందగా అంటారు, లోపలివారు విని నొచ్చుకుంటారు. కాగితాలు చూస్తే రెండు వైపులా సర్దుకోవలసిన సంగతులున్నాయి.

ధాత కరువని పేరుపడిన 1876 - 78 కరువులో మద్రాసు ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని కరువు పనిగా చేపట్టింది. పడుచుతనంలో అమెరికాలో భూమి సర్వే పని చేసిన క్లౌ, అందులో మూడున్నర మైళ్ల ముక్కను కంట్రాక్టుగా తీసుకున్నారు. సంఘ బోధకులు మేస్త్రీలుగా నిలబడి పని చేయించారు, పూట ముగిశాక ఆ కూలీల మధ్యనే కూర్చుని బోధించారు. ఇలా వేలమంది నెలల తరబడి ఆ మాటలు విన్నారన్నది నిజం, కరువు లేకుంటే వినేవారు కారన్నదీ నిజమే. అయితే కూలి డబ్బు, సహాయ ధాన్యం నడుస్తున్న దాదాపు పదిహేను నెలలపాటు క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారన్న అనుమానం అందరికన్నా ముందు ఆయనకే కలిగింది. 1878 వేసవి చివర సహాయం ముగించి, ఇక ఇచ్చేది ఏమీ లేదని చెప్పిన తరువాత కూడా జనం వెళ్లలేదు. కష్టపడి పని చేసే బతుకుతామని చేతుల బొబ్బలు చూపించి, వచ్చే పంట పోతే చచ్చిపోతాం గాని క్రైస్తవులుగా చావనివ్వమని అడిగారని క్లౌ రాసిన వృత్తాంతంలో ఉంది. వృత్తాంతం రాసినది క్లౌ కాబట్టి దాన్ని ఆయన వైపు సాక్ష్యంగానే తీసుకోవాలి. పదిహేను నెలల విరామం మాత్రం సాక్ష్యం కాదు, లెక్క.

అపోహ: క్లౌ ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

సంఖ్య సరైనదే, మనిషి తప్పు. 1878 జూలై 3న, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఆ బాప్తిస్మాలు ఇచ్చినవారు ఆరుగురు అభిషిక్త బోధకులు. ఒకేసారి ఇద్దరు నీటిలో నిలబడేవారు, అలసినప్పుడు మరో ఇద్దరు దిగేవారు. క్లౌ ఆ రోజు ఒక్కరికి కూడా ఇవ్వలేదు.

అంతమందికి ఒక్కరోజులో ఎలా సాధ్యమని అడిగేవారి కోసం లెక్క కట్టి చూపుతాను. మధ్యాహ్నపు విరామం తీసివేస్తే సుమారు తొమ్మిది గంటల పని, అంటే 540 నిమిషాలు. 2,222 మందిని దానితో భాగిస్తే నిమిషానికి నలుగురు. నీటిలో ఇద్దరు బోధకులు ఉన్నారు కనుక ఒక్కొక్కరి వంతు నిమిషానికి ఇద్దరు, మనిషికి అర నిమిషం. పేర్లు ముందే రాసుకొని, గట్టు మీద వరుసగా చదువుతూ పంపితే, 'తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములోనికి' అని పలికి ముంచి లేపడానికి ఆ అర నిమిషం సరిపోతుంది. బాప్తిస్మపు తొట్టి దగ్గర నిలబడిన అనుభవం ఉన్న కాపరి ఎవరినైనా అడగండి.

జూలై 2 నుండి వరుసగా మూడు రోజులు బాప్తిస్మాలు జరిగాయి: మొదటి రోజు 614, రెండో రోజు 2,222, మూడో రోజు 700. మూడు రోజులకు కలిపి 3,536. సంచికల్లో కొన్నిసార్లు కనిపించే 'ఒక్కరోజులో మూడు వేలు' బహుశా ఈ మొత్తం నుండి, బైబిల్లో పెంతెకొస్తు దినాన బాప్తిస్మం పొందిన మూడు వేల మంది తలపుతో కలిసి, పుట్టిన మాట కావచ్చు. జూన్ 16 నుండి జూలై 31 వరకు బాప్తిస్మం పొందినవారు 8,691 మంది.

అపోహ: ఒంగోలుకు 'ప్రపంచంలోకెల్లా పెద్ద బాప్టిస్టు సంఘం' అని పేరొచ్చిందంటే అక్కడ అంత పెద్ద గుడి ఉండేదని అర్థం.

పన్నెండు వేలకు మించిన ఆ సభ్యులు వందల పల్లెల్లో చెదరి ఉండేవారు. వారిలో చాలామంది ఒంగోలు గుడి గడప తొక్కి ఉండరు. పేర్లు మాత్రం ఒకే పుస్తకంలో ఉండేవి. పల్లె కూటాలను నడిపినది ఊరి మాదిగ పెద్దలు, తెలుగు బోధకులు. ఆ బోధకులకు చదువు చెప్పడానికే 1870ల తొలి ఏళ్లలో రామాపట్నంలో వేదాంత పాఠశాల ఏర్పడింది. 1880ల ఆరంభంలో కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల వేరు స్టేషన్లు కావడంతో ఒంగోలు పుస్తకం క్రమంగా విడిపోయింది. ఒంగోలు సంఖ్య ఆ తరువాత తగ్గినట్టు కనిపించడానికి ప్రధాన కారణం ఈ పంపకమే, అందరూ మతం విడిచిపోవడం కాదు.

స్థాపన సంవత్సరం మీద పల్లె సంఘాలలో లేచే తగవులకు మూలం కూడా ఇదే. ఒక వర్గం 1878 అంటుంది, మరో వర్గం 1890ల నాటి ఒక ఏడును చూపుతుంది, జూబిలీ ఎప్పుడు చేయాలో తేలక పెద్దలు నా దగ్గరికి వస్తారు. చాలాసార్లు ఇద్దరి మాటా సరైనదే: ఒకటి ఆ ఊరివారు ఒంగోలు సభ్యులుగా బాప్తిస్మం పొందిన ఏడు, రెండోది వారు ప్రత్యేక సంఘంగా ఏర్పడిన ఏడు. శిలాఫలకం మీద రెండింటినీ రెండు వరుసలుగా చెక్కించమని, తొలి బాప్తిస్మాల వరుసలో ఆ ఊరికి ముందుగా వచ్చిన తెలుగు బోధకుడి పేరు తెలిస్తే అదీ చేర్చమని నేను చెబుతుంటాను.