యాంటిక్ అంటే వయసా, పాలిషా?

నగల దుకాణంలో ‘యాంటిక్’ పేరుతో కనిపించేవి చాలావరకు కొత్త నగలే. మెరుపు తగ్గించి, సందుల్లో నల్లబరిచిన పాలిషుకు ఆ పేరు స్థిరపడిపోయింది. నిజంగా పాత వడ్డాణమో, గుట్టపూసల హారమో కొనేవారి చిక్కు వేరు: బంగారం నాణ్యత చెప్పే ముద్ర దానిమీద ఉండదు.

మన దేశంలో నగలకు ఆ ముద్ర, అంటే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) హాల్‌మార్క్, 2000లో మొదలైంది. 2021 జూన్‌లో తప్పనిసరి చేశారు, అదీ తొలుత 256 జిల్లాల్లోనే. రాళ్లు పొదిగే కుందన్, పోల్కీ, జడావు నగలకు మినహాయింపు ఇచ్చారు. పాతవని చెప్పి ఎక్కువగా అమ్మేవి ఇవే!

పాత బంగారమంతా మేలిమి అనుకోవడమూ పొరపాటే. 1963 జనవరిలో, మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగా ఉండగా, 14 క్యారెట్లకు మించిన నగల తయారీని నిషేధించారు. కంసాలుల బతుకులు తలకిందులయ్యాయి. తర్వాత సడలించినా, 1968 నాటి బంగారు నియంత్రణ చట్టం 1990 దాకా నడిచింది. 22 క్యారెట్లంటే 91.6 శాతం బంగారం. 14 అంటే 58.5 శాతమే.

నగ మేలిమిదే అయినా, అతుకులకు వాడిన టంకంలో రాగి, వెండి ఎక్కువ. అందుకే కరిగిస్తే మొత్తం నాణ్యత పడిపోతుంది. ఎక్స్‌రేలతో బంగారం నాణ్యత కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం పైపొరనే చదువుతుంది కాబట్టి అతుకు దగ్గర, వెనకవైపు, కొక్కెం మీద విడివిడిగా చూపించమనాలి. బోలుగా చేసిన నక్షీ గుండ్లలో లక్క ఉంటుంది. రాళ్లు, లక్క పోగా నికర బంగారం ఎంతో రాయించుకోకుండా బేరం మొదలుపెట్టకూడదు.

ఇక కెంపులు. 1902లో ఫ్రాన్స్‌కు చెందిన వెర్నాయ్ మంటలో కెంపు తయారుచేసే పద్ధతిని ప్రకటించాక కృత్రిమ రాళ్లు ప్రపంచమంతా పారాయి. పదిరెట్ల భూతద్దంలో రాయి లోపల వంపు తిరిగిన గీతలు కనిపిస్తే అది కృత్రిమమే. ‘నూట యాభై ఏళ్ల’ నగలో అలాంటి రాయి ఉందంటే, రాయి మార్చారు, లేదా వయసు అబద్ధం. అడుగు మూసిన నగల్లో రాయి కింద రేకు ఉంటుంది. నీళ్లు దిగితే నల్లబడుతుంది. అల్ట్రాసోనిక్ యంత్రంలో కడిగించొద్దు.

విదేశాల్లో ఉన్నవారికి ఇంకో మెలిక ఉంది. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన కళాఖండాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అమ్మేవాడు వయసు ఎక్కువ చెప్పి బిల్లు మీద రాసిచ్చాడో, ఆ కాగితమే విమానాశ్రయంలో అడ్డం తిరుగుతుంది. అప్పుడు అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి.