ఆయమ్మ బొమ్మ వేసి పెడితే సాయమేనా? అపోహలు - వాస్తవాలు

మొన్న పేరెంట్స్ మీటింగులో ఒకమ్మ బాబు ఫైలు తిరగేస్తూ, "పక్క పాప బొమ్మలు ఎంత నీట్‌గా ఉన్నాయో! మా వాడికి ఆయమ్మ సాయం చెయ్యట్లేదా మేడం?" అంది. గొంతులో కోపం లేదు, భయం ఉంది. నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు చెప్పేదాన్ని, ఏటా ఈ ప్రశ్న వింటాను.

అపోహ: చెయ్యి పట్టుకుని బొమ్మ పూర్తి చేయిస్తేనే ఆయమ్మ పని చేసినట్టు.

వాస్తవం: పిల్లలకు ఎక్కువ నష్టం చేసేది ఇదే. మూడేళ్లవాళ్లు గీసేవి పిచ్చిగీతలే. అవి మెల్లగా సున్నాలవుతాయి. నాలుగేళ్లకు ఆ సున్నాకే కాళ్లూ చేతులూ తగిలించి "ఇది నాన్న" అంటారు. పొట్ట లేదని టెన్షన్ పడకండి, ఆ వయసులో చాలామంది అలాగే వేస్తారు. మనం దిద్దేకొద్దీ "నాకు రాదు, నువ్వే వెయ్యి" అంటూ క్రేయాన్ మన చేతిలో పెట్టేస్తారు.

ఇందులో ఆయమ్మల తప్పేం లేదు. గోడకు అంటించాలి, నీట్‌గా రావాలి అని చెప్పేది మేమే. ఒక ఏడు యాన్యువల్ డే కోసం నేనే చార్టులన్నీ ఆయమ్మతో పూర్తి చేయించాను. తన చార్టు ఏదో ఒక్క పిల్లా గుర్తుపట్టలేదు. ఆ రోజు నాకు చాలా బాధేసింది.

అసలు సాయం ఎలా ఉంటుందో తర్వాత ఆ ఆయమ్మ దగ్గరే చూశాను. ఇంటి నుంచి కొబ్బరాకులు తెచ్చి, ఈనెలు తీసి, ఒక బూర చుట్టి ఊదింది. తలా ఒక ఆకు ఇచ్చి ఊరుకుంది. నెల రోజులుగా నోరు విప్పని బాబు ఒకడు ఆకు చుడితే విడిపోతోంది, మళ్లీ చుడుతున్నాడు. ఆమె కొస మాత్రం వేలితో అదిమి పట్టింది. బూర మోగలేదు. వాడు దాన్ని నేల మీద ఈడుస్తూ "పాము" అన్నాడు. "ఎక్కడికి పోతోందిరా?" అంది. ఇక ఆ పాము వెళ్లిన ఊళ్లన్నీ చెబుతూనే ఉన్నాడు!

ఆయమ్మకు చదువు లేదు, ఆమెకేం తెలుసంటారా? 2022లో వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ కరికులం ఫ్రేమ్‌వర్క్ (చిన్న పిల్లలకు ఏం, ఎలా నేర్పాలో చెప్పే జాతీయ ప్రణాళిక) 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆటపాటలతోనే నేర్పమంటోంది. ముగ్గులు, ఆకు బొమ్మలు, కథలు ఆమెకు వచ్చినన్ని నాకు రావు.

సృజన సంగతి డ్రాయింగ్ సార్ చూసుకుంటారా? ఆయన వారానికి ఒకట్రెండు పీరియడ్లు వస్తారు, ఈమె రోజంతా పక్కనే ఉంటుంది.

రంగులు ఒలికితే ఆమెకు చాకిరీ ఎక్కువవుతుందా? కింద పాత పేపర్లు పరిచి, పిల్లల చేతికే గుడ్డ ఇవ్వండి. ఆమెకు నిజంగా భారమయ్యేది, బొమ్మల పీరియడ్ మధ్యలో ఆఫీసులో టీ ఇవ్వడానికి పిలవడం.

మీటింగులో ఆ అమ్మకు బొమ్మల వెనక వైపు చూపించాను. బాబు ఆయమ్మకు చెప్పిన మాట, తేదీతో సహా ఒక్కో దాని వెనకా రాసి పెడతాను. ఒక గీతల కుప్ప వెనక "వానలో నాన్న బండి ఆగిపోయింది" అని ఉంది. "అవును మేడం, పోయిన వారం నిజంగానే ఆగిపోయింది" అంటూ ఆ కాగితం మళ్లీ ముందుకు తిప్పి చూసుకుంది.