మణికట్టు చెప్పే వయసు

అండర్-17 ప్రపంచకప్‌కు వచ్చిన కుర్రాడికి పాస్‌పోర్టు ఒక్కటే సరిపోదు. పరీక్షకు ఎంపికైతే ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకుని, చేయి చాచి, కొన్ని నిమిషాలు కదలకుండా ఉండాలి. తెర మీద అతని మణికట్టు కనిపిస్తుంది. ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే ఎముక చివర, రెండు తెల్లటి భాగాల మధ్య ఒక సన్నని నల్లటి గీత ఉంటే ఎముక ఇంకా పెరుగుతోందని అర్థం. ఆ గీత పూర్తిగా చెరిగిపోయి ఉంటే ఆ కుర్రాడు ఇంటికి వెళ్లాల్సిందే. కాగితాన్ని కాదని ఎముకను అడిగే దాకా ఫుట్‌బాల్ ఎందుకు వచ్చిందో తెలియాలంటే నలభై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

సింగపూర్ ఫుట్‌బాల్ సంఘం 1977లో లయన్ సిటీ కప్ పేరిట కుర్రాళ్ల పోటీ మొదలుపెట్టింది. అదే ఏడాది ట్యునీషియాలో ఫిఫా తొలి అండర్-20 టోర్నీ జరిగింది. సింగపూర్ పోటీని దగ్గరగా చూశాక, ఇంకా చిన్న వయసువారికీ ఒక ప్రపంచ వేదిక కావాలని ఫిఫా అనుకుంది. అలా 1985లో చైనాలో అండర్-16 టోర్నీ పుట్టింది. బీజింగ్‌లో జరిగిన ఫైనల్లో నైజీరియా 2-0తో పశ్చిమ జర్మనీని ఓడించి మొదటి కప్పు ఎత్తుకుంది. 1991లో ఇటలీలో జరిగినప్పటి నుంచి వయసు పరిమితి 17కు మారింది.

ఉద్దేశం చాలా మంచిది. కానీ ఆ పరిమితి మొత్తం నిలబడింది ఒక్క పుట్టిన తేదీ మీద. ఆ తేదీని ధ్రువీకరించి పంపే జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్యకే గెలుపు కూడా కావాలి. ఇక్కడే కంచె చేను మేసింది.

మొదటి పెద్ద దెబ్బ మెక్సికోకు తగిలింది. 1988లో అండర్-20 అర్హత పోటీల్లో ఆ దేశం కనీసం నలుగురు వయసు మీరిన ఆటగాళ్లను దింపింది. సమాఖ్య తానే అచ్చువేసిన వార్షిక పుస్తకంలోని పుట్టిన తేదీలు వేరు, టోర్నీకి ఇచ్చినవి వేరు. ఈ తేడాను పట్టుకుని బయటపెట్టింది ఒక విలేకరి. ఫిఫా శిక్ష కుర్రాళ్ల జట్టుతో ఆగలేదు. మెక్సికో జాతీయ జట్లన్నింటినీ రెండేళ్లు అంతర్జాతీయ పోటీల నుంచి బహిష్కరించింది. అర్హత సాధించిన సియోల్ ఒలింపిక్స్ పోయాయి. 1990 ఇటలీ ప్రపంచకప్ దారీ మూసుకుపోయింది. తప్పు చేసింది కార్యాలయాల్లోని పెద్దలైతే, అత్యుత్తమ దశలో ఉన్న ఒక తరం ఆటగాళ్లు దాని మూల్యం చెల్లించారు.

మరుసటి ఏడాది నైజీరియా వంతు వచ్చింది. ముగ్గురు ఆటగాళ్లకు 1988 ఒలింపిక్స్‌లో నమోదైన తేదీలు అంతకుముందు టోర్నీలకు ఇచ్చిన తేదీలతో సరిపోలలేదు. యువజన పోటీల నుంచి రెండేళ్ల నిషేధం పడింది. 1991 అండర్-20 టోర్నీ ఆతిథ్యమూ చేజారి పోర్చుగల్‌కు వెళ్లింది.

రుజువైన మోసం కంటే రుజువు కాని అనుమానం ఎక్కువ కాలం బతుకుతుంది. 1989లో స్కాట్లాండ్‌లో జరిగిన అండర్-16 ఫైనల్‌కు హాంప్‌డెన్ పార్క్‌లో యాభై వేల మందికి పైగా జనం వచ్చారు. 0-2తో వెనకబడిన సౌదీ అరేబియా కుర్రాళ్లు స్కోరు సమం చేసి, పెనాల్టీల్లో గెలిచారు. ఒక అద్భుతమైన పునరాగమనంగా చెప్పుకోవాల్సిన ఆట అది. స్కాట్లాండ్‌లో మాత్రం దశాబ్దాల తర్వాత కూడా ఆ జట్టు వయసు గురించే మాట్లాడుకుంటున్నారు. వారిపై ఏ ఆరోపణా రుజువు కాలేదు. నిజంగా చిన్నవాళ్లయి ఉంటే ఆ మచ్చను తుడుచుకునే అవకాశమే వారికి దొరకలేదు.

చాలా దేశాల్లో పుట్టిన తేదీకి నికరమైన రికార్డు లేకపోవడం మరో చిక్కు. అయిదేళ్లలోపు పిల్లల్లో దాదాపు 15 కోట్ల మంది పుట్టుక ఎక్కడా నమోదు కాలేదని యునిసెఫ్ 2024లో చెప్పింది. అలాంటి చోట తేదీ తర్వాత ఎప్పుడో, ఎవరో చెబితే రాసుకున్నదవుతుంది. అది పొరపాటు కావచ్చు, అబద్ధమూ కావచ్చు. కాగితం చూసి ఆ రెండింటిలో ఏదో తేల్చలేం.

అందుకే ఫిఫా వైద్యులు ఎముక వైపు తిరిగారు. ఎక్స్‌రేలో కొద్దిపాటి రేడియేషన్ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలను కేవలం వయసు కోసం దానికి గురిచేయడం సరికాదు కాబట్టి ఎంఆర్‌ఐని ఎంచుకున్నారు. ఫిఫా ముఖ్య వైద్యాధికారి యిర్జీ ద్వోర్జాక్ బృందం స్విట్జర్లాండ్, మలేసియా, అల్జీరియా, అర్జెంటీనాల్లో 14 నుంచి 19 ఏళ్ల మధ్య ఉన్న 496 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ల మణికట్టు చిత్రాలు తీసి, ఆ నల్లటి గీత చెరిగి ఎముక అతుక్కునే తీరును ఆరు దశలుగా విభజించి 2007లో ప్రచురించింది. పదహారేళ్ల వారిలో పూర్తిగా అతుక్కున్నవారు నూటికి ఒక్కరికి మించలేదు. 2009లో నైజీరియాలో జరిగిన అండర్-17 ప్రపంచకప్‌తో ఈ పరీక్ష అమల్లోకి వచ్చింది.

పరీక్ష వచ్చాకా కథ ఆగలేదు. 2023 జనవరిలో కామెరూన్ తన 30 మంది అండర్-17 ఆటగాళ్లకు తానే పరీక్ష చేయిస్తే 21 మంది తప్పారు. 2019లో గినీ ప్రపంచకప్ బెర్తు కోల్పోయింది. దాన్ని పట్టించింది ఎంఆర్‌ఐ కాదు. ఇద్దరు ఆటగాళ్ల పుట్టిన తేదీలు అంతకుముందు జపాన్‌లో ఆడిన ఒక టోర్నీ పత్రాల్లో వేరుగా ఉన్నాయి. యంత్రాన్ని దాటగలిగినా పాత కాగితం దొరకబుచ్చుకుంది.

ఈ పరీక్షకూ హద్దులున్నాయి. పద్దెనిమిది దాటినా గీత చెరగని కుర్రాడు సులువుగా నెగ్గుతాడు. త్వరగా ఎదిగిన నిజాయితీపరుడు ఎప్పుడో ఒకసారి బలైపోతాడు. ఎముకలు ముందే అతుక్కునే బాలికలకు ఈ కొలత అసలు పనికిరాదని పరిశోధకులే తేల్చారు.

నా దృష్టిలో అసలు లోపం టోర్నీ అమరికలోనే ఉంది. దశాబ్దాల పాటు ఇది రెండేళ్లకు ఒకసారి జరిగింది. 2017లో భారత్‌లో జరిగిన పోటీకి 2000 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవారు అర్హులు. 2019లో ఆ హద్దు 2002 జనవరి 1కి జరిగింది. 2001లో పుట్టిన కుర్రాడు మొదటిసారి తనకంటే ఏడాది పెద్దవారితో తలపడాలి. రెండోసారి అతనికి చోటే లేదు. ఒక్క అంకె మారిస్తే దారి తెరుచుకుంటుందన్న ప్రలోభం ఆ క్యాలెండర్‌లోనే ఉంది. అబద్ధమాడని పిల్లవాడు ఇంటి దగ్గరే ఉండిపోయాడు, అతని పేరు ఏ జాబితాలోనూ లేదు.

2025 నుంచి ఖతార్‌లో 48 జట్లతో ఈ ప్రపంచకప్ ఏటా జరిగేలా ఫిఫా మార్చింది. ఆ ఏడాది 2008లో పుట్టినవారు పెద్దవాళ్లుగా ఆడారు. తర్వాతి ఏడాది ఆ వంతు 2009లో పుట్టినవారిది.